ఆట నడిపేవారు కావలెను

ఈ నెల కోత పండుగ కానుకలను గూర్చి వ్రాస్తామని చెప్పియున్నాము. అది వచ్చే నెలకు ఉండనివ్వండి. పోయిన వానకాలములో మా యింటికి వచ్చిన ఒక తల్లి సంగతి ముందుగా చెప్పవలసియున్నది. వ్రాయుటకు ఆమె ఒప్పుకున్నది, ఆమె కుమారుడును ఒప్పుకున్నాడు. పేర్లు, ఊరు మాత్రము వద్దన్నారు. ఆళ్లగడ్డకు దగ్గరలో ఒక పల్లె అనుకోండి, చాలును.

ఆదివారము సాయంత్రము, వాన పడుతున్నది. నంద్యాల బస్టాండు నుండి ఆమె తడుస్తూనే నడిచి వచ్చింది. కుమారుడు ఉండే హాస్టలు దారిలోనే ఉన్నది. అక్కడ ఆగకుండా నేరుగా మా యింటికి వచ్చినదంటే ఏదో జరిగినదని మాకు తెలిసిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలో నుండి పాత తువ్వాలులో చుట్టిన ఒక పొడుగు నోటుపుస్తకము తీసి బల్లమీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకున్నది.

“దీన్ని ఇంట్లో పెట్టుకోవద్దన్నారమ్మగారూ. కాల్చేయమన్నారు. వాళ్ల నాయన పొయ్యిలో పెట్టబోయినాడు. నేనే లాక్కున్నాను. అంతా మావోని చేతివ్రాత. ఎట్ల కాల్చేది?”

మొదటి పేజీ తెరిచి చూశాము. ఇంగ్లీషులో పెద్ద అక్షరములతో ఒక ప్రకటన వంటిది ఉన్నది. కొట్టివేసి, దిద్ది, మరల వ్రాసినది. దాని అర్థము ఇది: ఒంటరిగా ఆడుచున్నాను, ఆట నడిపేవారు కావలెను, నెమ్మదిగా చెప్పేవారు, మధ్యలో విడిచిపోనివారు కావలెను. తరువాతి పేజీలలో కొమ్ములున్న ఒక ఆకారము, ఇరువది ముఖములు గల ఒక పాచిక, వాటి మధ్య లెక్కలు, బాణపు గుర్తులు, ఒక పటము.

ఆమె చెప్పినదాని సారాంశము: కుమారునికి పందొమ్మిదేండ్లు, డిగ్రీ రెండవ సంవత్సరము. చిన్నప్పటి నుండి నెమ్మదస్తుడు, సండే స్కూలులో వాక్యములు బాగుగా అప్పగించినవాడు. సెలవులకు వచ్చినా రాత్రి రెండు గంటల వరకు ఫోనులో ఏదో టైపు చేస్తూనే ఉంటాడు. ఎవరితో అంటే చెప్పడు. రెండు నెలలుగా ఇంటికి రాలేదు. పుస్తకము దొరికిన తరువాత స్త్రీల మైత్రి కూడికలో ఒకామె దానిని చూసి, ఇది అమెరికాలో పిల్లలను చంపిన ఆట, దీనిలో దయ్యములను పిలుస్తారు అన్నది. ఆ రాత్రి నుండి తల్లికి నిద్రలేదు. తండ్రి ఫోనులో కొడుకును తిట్టాడు. కొడుకు ఫోను ఆపుచేశాడు.

ఆ రాత్రి మేము ఆమెకు అన్నము పెట్టి, మా యింటనే పడుకోబెట్టాము. నిజము చెప్పాలంటే ఆ పుస్తకములో ఉన్నదేమిటో మాకును తెలియదు. తెలియనిదానికి సలహా చెప్పుట మా వృత్తిలో సులభముగా అలవడే దోషము. మాకు ఆ అనుభవము ఒకసారి ఉన్నది. చాలా సంవత్సరముల క్రిందట, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్సు చదువుతూ సండే స్కూలుకు తెచ్చిన ఒక పిల్లవానిని మేము అందరిముందు నిలబెట్టి, మాంత్రికుల కథలు దేవుని పిల్లలకు తగవని చెప్పాము. పుస్తకము లాగుకున్నాము కూడా. వాడు తరువాతి ఆదివారము రాలేదు, ఆ తరువాత ఎప్పుడును రాలేదు. అందుచేత ఈసారి ముందు తెలుసుకొందామని, హైదరాబాదులో కంప్యూటరు చదివే మా అన్నగారి మనుమనికి ఫోను చేశాము. వాడు గంటసేపు చెప్పాడు. మిగిలినది మేము చదివి తెలుసుకున్నాము.

ఆట ఇట్లుంటుంది. ఒకరు కూర్చొని చెబుతారు: నీవు అడవి అంచున ఉన్నావు, పొద్దు గూకుతున్నది, ఎదుట ఒక గుహ, లోపల నీళ్ల చప్పుడు, ఏమి చేస్తావు? ఆడేవాడు జవాబు చెబుతాడు: లాంతరు వెలిగించుకొని లోపలికి పోతాను. అయితే రాయి జారుతున్నది, పాచిక వేయి, ఎంత పడితే దానినిబట్టి చూస్తాము అంటాడు మొదటివాడు. ఆ మొదటివానినే గేమ్ మాస్టరు అంటారు. ఆటకు బల్ల లేదు, కాయలు లేవు, ఒకని మీద ఒకడు గెలుచుట కూడా లేదు. ఒకడు చెబుతాడు, మిగిలినవారు ఆ కథలో మనుష్యులై నడుస్తారు. మామూలుగా నలుగురైదుగురు ఆడుతారు. ఒకడే ఆడితే, వాని కొరకు ఒకడు నడిపితే, అది ఒంటరి ఆట. ఎదురుగా కూర్చోనక్కరలేదు, ఫోనులో టైపు చేస్తూ ఆడవచ్చును. మన చందమామలో భేతాళుడు విక్రమార్కునికి కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు గదా, ఇక్కడ ఆ ప్రశ్న ప్రతి మలుపులోను వస్తుంది, జవాబునుబట్టి కథ మారిపోతుంది.

ఇది పుట్టినది సైన్యములో అంటే మీరు ఆశ్చర్యపడుతారు. 1812లో ప్రష్యా దేశములో రైస్‌విట్జ్ అనే ఆయన రాజుగారి కొరకు యుద్ధమును బల్లమీద ఆడుకొనే ఒక ఆట తయారుచేశాడు. ఆయన కుమారుడు, సైన్యములో అధికారి, 1824లో దానికి నియమములు అచ్చువేయించాడు. ఇరుపక్షముల వారు తమ ఆజ్ఞలు మధ్యవర్తికి చెబితే, ఏమి జరిగినదో ఆయన తేల్చి చెప్పేవాడు. గేమ్ మాస్టరుకు తాత ముత్తాత ఆ మధ్యవర్తియే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రకటించారు. మొదట వేసినవి వెయ్యి పెట్టెలు. యుద్ధములోని సేనలకు బదులు ఒక్కొక్క మనిషి, మైదానమునకు బదులు భూమి క్రింద గుహలు, వాటిలో రాక్షసులు, నిధులు. మనవైపు ‘పాతాళ భైరవి’ 1951లోనే చూపించిన లోకము అది. తీసినది మన తాడిపత్రి కె.వి. రెడ్డిగారు. (సినిమాలకు పోరాదని మాకు నేర్పించారు గాని, ఆ ఒక్క సినిమాను గూర్చి మా పెద్దలే నోరూరేటట్లు చెప్పుకొనేవారు.) అక్కడ ఎదుట తెరమీద తోటరాముడు గుహలోనికి పోతే మనము చూస్తాము. ఈ ఆటలో మనమే తోటరాముళ్లము.

స్త్రీల మైత్రిలో ఆ సహోదరి చెప్పినది ఊరకే పుట్టలేదు. 1979లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో పదహారేండ్ల విద్యార్థి ఒకడు విశ్వవిద్యాలయము నుండి కనబడకుండా పోయాడు. ఈ ఆట ఆడుతూ అక్కడి సొరంగములలో తప్పిపోయినాడని పత్రికలన్నీ వ్రాశాయి. దాదాపు నెల తరువాత వేరొక రాష్ట్రములో దొరికాడు. ఇల్లు విడిచిపోవుటకు కారణము ఆట కాదని, అబ్బాయి మనస్సులో వేరే బాధలున్నవని వెదకిన డిటెక్టివే తరువాత పుస్తకములో వ్రాశాడు. ఆ బిడ్డ 1980లో తన ప్రాణము తానే తీసుకున్నాడు. 1982లో వర్జీనియాలో ఇంకొక తల్లి తన కుమారుని అట్లే పోగొట్టుకున్నది. ఆటయే కారణమని నమ్మి మరుసటి సంవత్సరము దానికి విరోధముగా ఒక సంస్థ పెట్టి దేశమంతా తిరిగింది. 1984లో ఒక బొమ్మల కరపత్రము వచ్చింది, ఆ ఆట ఆడిన పిల్ల మంత్రగత్తె అయిపోయినట్లుగా. ఆ కరపత్రము ఎన్ని లక్షల చేతులు మారినదో. తరువాత పరిశోధించినవారికి ఆటకును ఆ మరణములకును కారణసంబంధమేమియు కనబడలేదు. తల్లిదండ్రుల గోలకు జడిసి కంపెనీవారే 1989లో తమ పుస్తకములో దయ్యములు అనే మాట తీసివేశారు, కొన్నేండ్లకు మరల పెట్టుకున్నారు.

ఆ వర్జీనియా తల్లిని మేము ఎగతాళి చేయము. బిడ్డ పోయిన యింట్లో ఏదో ఒక కారణము దొరికితే గాని రాత్రి గడవదు. కాని ఆట మీద కన్ను నిలిపినవారు బిడ్డ ముఖము చూడలేదన్నది మాత్రము చదువుతుంటే మాకు తోచింది. మరునాడు ఉదయము ఆ భయముతోనే హాస్టలుకు పోయాము.

తల్లిని ఇంటివద్దనే ఉంచాము. అబ్బాయి వరండాలోనికి వచ్చి, నోటుపుస్తకము మా చేతిలో చూసి తెల్లబోయాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. ప్రార్థన మొదలుపెట్టకుండా, వాక్యము తీయకుండా, పటము ఉన్న పేజీ తెరిచి, “ఈ గుహ ఏదయ్యా?” అని అడిగాము.

“బెలూం, అయ్యగారూ,” అన్నాడు.

కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు మనలో చాలామంది చూసే ఉంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే దొర వాటిని గూర్చి వ్రాసిపెట్టాడు. దాదాపు నూరేండ్ల తరువాత జర్మనీ నుండి వచ్చినవారు లోపల పాకి కొలతలు తీసుకున్నారు. 3,229 మీటర్లు, అంటే మూడు కిలోమీటర్లకు పైన. 2002 నుండి దీపములు పెట్టి జనులను పోనిస్తున్నారు. కర్నూలు జిల్లాలో ఉండేవి, 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయినప్పటి నుండి మన జిల్లావి. అట్టడుగున పాతాళగంగ అని నీటి పాయ ఒకటి ఉన్నది. అబ్బాయి పటములో ఆ పాతాళగంగ దాటిన తరువాత కూడా దారి ఉన్నది. అది నల్లమల క్రిందుగా పోయి, కుందూ నది అడుగున సాగి, వారి పల్లెలోని పాత బావిలో తేలుతుంది. ఆ దారిలో నడిచే వీరుడు కత్తి పట్టినవాడు కాదు. పంచె కట్టి, తలకు తుండుగుడ్డ చుట్టి, చేతిలో లాంతరు పట్టుకున్న ముసలివాడు.

“ఎవరీయన?”

“మా జేజినాయన.”

వారి జేజినాయన తండ్రి మిషను కాలములో ఉపదేశి. ఆ చుట్టుప్రక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగినవాడు. ఆయన లాంతరు ఇప్పటికిని వారి యింట చిలుకకొయ్యకు వ్రేలాడుతూ ఉన్నది. జేజినాయన చదువుకున్నది తక్కువ, కథలు చెప్పుటలో మాత్రము ఆయనకు సాటి లేరట. మా నాయన ఒకనాడు రాత్రి రుద్రవరము వైపు నుండి వస్తుంటే వంకలో నీళ్లు వచ్చాయి, ఇటు నీళ్లు, అటు చిరుతపులి, ఏం చేసినాడో చెప్పుకో అనేవాడట. పిల్లవాడు చెట్టెక్కినాడంటే, అయితే చెట్టుమీద తేనెతుట్టె ఉంది, ఇప్పుడేం చేస్తావ్ అనేవాడట. మంచము మీద ఇద్దరును అర్ధరాత్రి వరకు ఆ వంక దాటలేకపోయేవారు. అబ్బాయి ఇంటరు రెండవ సంవత్సరములో ఉండగా ఆయన ప్రభువునందు నిద్రించాడు. పరీక్షలని ఇంటివారు వానికి ఒక రోజు ఆలస్యముగా కబురు పెట్టారు. సమాధి అయిపోయిన తరువాత వచ్చాడు.

ఇక మీకు అర్థమయ్యే ఉంటుంది. డిగ్రీలో చేరిన తరువాత తోటి విద్యార్థి ఫోనులో ఈ ఆటను చూసినప్పుడు వానికి ఏమి కనబడినదో.

ముందు ఒంటరిగా ఆడాడు. ఆడేవారు లేని ఊళ్లలో ఉండేవారి కొరకు ఇటువంటి పుస్తకములు 1976 నుండే ఉన్నాయి: తలుపు తెరిస్తే ఫలానా పేరాకు పో, పారిపోతే ఇంకొక పేరాకు పో అంటాయి. 1982లో ఇంగ్లాండులో ఇయన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ అనేవారు వ్రాసిన అటువంటి పుస్తకము పిల్లలలో విపరీతముగా చెల్లింది. ఇప్పుడైతే కంప్యూటరే కథ చెబుతుంది. అబ్బాయి దానినికూడా ప్రయత్నించాడు. “అది అన్నిటికీ సరే అంటది అయ్యగారూ. జేజినాయన లాంతరు నీళ్లల్లో పడిపోయిందని అదే చెప్పింది. ఇంకొంచెం సేపటికి లాంతరు వెలుగులో చూడమంటది. దానికి జ్ఞాపకం ఉండదు,” అన్నాడు. కాబట్టి మనిషి కావాలనుకున్నాడు. అందుకే ఆ ప్రకటన.

దానికి మొదట జవాబిచ్చినది ఏదో దేశములోని ఒక పెద్దమనిషి, స్కూలు టీచరు. మూడు నెలలు వారానికి ఒక రాత్రి నడిపాడు. అక్కడ పగలు, ఇక్కడ అర్ధరాత్రి. తల్లి చూసిన దొంగచాటు మేల్కొనుట అది. ఆయన మంచివాడే. వంక అంటే ఏమిటో, చిలుకకొయ్య అంటే ఏమిటో అడిగి తెలుసుకొనేవాడట. ఒక దినమున, నా భార్యకు జబ్బుగా ఉన్నది, ఇక కుదరదు అని రెండు ముక్కలు వ్రాసి ఆగిపోయాడు. జేజినాయన పాతాళగంగ ఒడ్డున నిలబడి ఉండగా కథ ఆగిపోయింది.

రెండవవాడు డబ్బు అడిగాడు. ఇందులో వింత లేదు, కూలికి ఆట నడిపేవారు లోకములో చాలామంది ఉన్నారు, వారిలో నమ్మకస్థులు ఎక్కువే. వీడు ఆరు నెలలకు ముందుగానే ఇవ్వమన్నాడు, తక్కువకు వస్తుందని. ఎనిమిది వేలు. హాస్టలు ఫీజుకని తండ్రి పంపిన డబ్బులో నుండి వీడు కట్టాడు. రెండు రాత్రులు ఆట జరిగింది. మూడవ వారము ఆ మనిషి లేడు, ఆ నంబరు లేదు.

ఇదంతా చెప్పి అబ్బాయి తల వంచుకున్నాడు. మాలో ఒకరు లేచి, వాని ప్రక్కన కూర్చొని, “ఈ రెండు నెలలలో చనిపోదామని ఎప్పుడైనా అనిపించిందా నాయనా?” అని సూటిగా అడిగారు. ఆ మాట అడుగుటకు మాకు గుండె దడదడ కొట్టుకున్నది. అడిగితే లేనిపోని తలంపు పెట్టినట్లవుతుందని కొందరు భయపడుతారు, అట్లు కాదు, అడుగుటయే మంచిదని వైద్యులు చెబుతారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రెండుసార్లు,” అన్నాడు. వారి నాయన ఆ ఎనిమిది వేలకు ఎవరివద్ద చేయి చాచినాడో వానికి తెలుసు.

తల్లి దయ్యమనుకొని వెలివేసినది కాగితము మీద ఉన్న కొమ్ముల బొమ్మను. కొడుకును ఇంటికి రానివ్వకుండా చేసినది ఒక రసీదు.

ఆ పూటే తల్లిని పిలిపించాము. వరండాలో వారిద్దరిని విడిచి మేము గేటువద్ద నిలబడ్డాము. ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఆమె ఏడుపు ఒకసారి వినబడింది. కొంతసేపటికి, “అన్నం తినినావా?” అనుట వినబడింది.

చేయవలసినవి చేశాము. సైబరు మోసములకు 1930 అనే నంబరు ఉన్నది, దేశమంతటికి ఒకటే. డబ్బు పోయిన గంటలలోపు ఫోను చేస్తే బ్యాంకులో ఆపించే అవకాశముంటుంది. వీడు చేసినది రెండు నెలల తరువాత. ఫిర్యాదు వ్రాసుకున్నారు, డబ్బు రాలేదు, వస్తుందని మేము ఆశపడుట లేదు. ఆ మొదటి దినముననే సిగ్గుపడకుండా ఇంటివారికి చెప్పియుంటే అని అనుకొనుట ఇప్పుడు వ్యర్థము. చనిపోవాలనే తలంపులు వచ్చేవారు, వారి ఇంటివారు, 14416 అనే నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చును. ప్రభుత్వమువారు 2022లో పెట్టినది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడుతారు. ఈ రెండు నంబర్లు గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి. అబ్బాయి చేత ఆ రెండవ నంబరుకు మా ఫోనునుండే మాట్లాడించాము, నంద్యాలలో ఒక డాక్టరుగారికి కూడా చూపించాము. హాస్టలువారు ఫీజును మూడు వాయిదాలు చేశారు.

ఇక తండ్రిగారు. దీనికి మేము ఆళ్లగడ్డ పోవలసివచ్చింది. దాదాపు నలభై కిలోమీటర్లు, సిరివెళ్ల మీదుగా. ఆ వారము రోడ్డు ప్రక్కన పొలములన్నీ నాట్లతో పచ్చగా ఉన్నవి. ఆళ్లగడ్డలో దిగి, రాతి విగ్రహములు చెక్కేవారి ఉలుల చప్పుడు దాటుకొని, ఆటోలో పల్లెకు పోయాము.

ఆయన కౌలు రైతు. మర్యాదగా మంచము వాల్చి కూర్చోబెట్టాడు గాని మాట కఠినముగానే ఉన్నది. “డబ్బు పోతే పోనీ అయ్యగారూ. పాచికలేంది? ప్రభువు అంగీ కోసం సైనికులు వేసిన చీట్లు గదా అవి. మా యింట్లో పేకముక్క కూడా ఎరగం.”

ఈ మాటకు తేలికగా జవాబు చెప్పరాదని మేమును ఎరుగుదుము. జూదముతో కొంపలు కూలిన పల్లెలు మన చుట్టు ఉన్నవి. కాని వారి ఆటలో పణము లేదు. చీట్లు వేయుట తనంతట పాపమైతే అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము చివర మత్తీయను ఏర్పరచుకొన్నది ఎట్లు? యెహెజ్కేలు నాలుగవ అధ్యాయము చదువుమన్నాము. ప్రవక్త ఒక ఇటుక తీసుకొని, దానిమీద యెరూషలేము పటము గీసి, చుట్టు దిబ్బలు పోసి, శిబిరములు పెట్టి, ముట్టడి ఆడినట్లుగా ఉన్నది. ఆడించినవాడు ఎవరో అక్కడే ఉన్నది. నాతాను ప్రవక్త దావీదునొద్దకు పోయి గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, తీర్పు రాజుగారి నోటనే చెప్పించినప్పుడు రాజు ఆ కథలో ఎంత లోతుకు దిగియున్నాడో చూడండి. ఆయన మౌనముగా విన్నాడు. ఒప్పుకున్నాడని మేము చెప్పము.

ఒక సంగతి దాచకుండా వ్రాయాలి. ఈ ఆటల పుస్తకములలో మంత్రములు, ఆత్మలతో మాట్లాడుట వంటివి కూడా ఉన్నవి. ఆటలో నేను మంత్రము వేస్తున్నాను అని ఒకడు పలుకుటకును, మంత్రగానివద్దకు నిజముగా పోవుటకును భేదమున్నదా? మాలో ఒకరు ఉన్నదంటారు, నాటకములో హేరోదు వేషము వేసినవాడు హేరోదు కాదు గదా అంటారు. మరొకరు ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదవ అధ్యాయము చూపించి, నోటికి అలవాటైనది మనస్సుకు అలవాటవుతుంది అంటారు. బస్సులో వచ్చునప్పుడు ఆళ్లగడ్డ నుండి నంద్యాల వరకు ఇదే వాదించుకున్నాము, ఇంకను తేలలేదు. ఇద్దరమును ఏకీభవించినది ఒక్కదానిలోనే: ముఖము తెలియని మనిషితో అర్ధరాత్రి, తలుపు వేసికొని, ఇంటివారికి తెలియకుండా ఏ ఆటయు వద్దు. ఆ మనిషి ఎంత మంచివాడైనను వద్దు. డబ్బు, ఫొటోలు, ఆధారు నంబరు అడిగితే అక్కడే ఆపివేయాలి.

మరి ఆట నడిపేవారు ఎవరు? తల్లి ఆ దినమున వంటింటి గడపలో నిలబడి అంతా వింటూ ఉన్నది. ఉన్నట్లుండి, “మా మామ ఆ వంక కథను నాకూ చెప్పినాడు. పెండ్లయిన కొత్తలో. తేనెతుట్టె దాకా చెప్పినాడు,” అన్నది.

అబ్బాయి తల ఎత్తి చూశాడు. తేనెతుట్టె తరువాత ఏమయినదో వానికి తెలుసు, ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన వేరే కథలు వానికి తెలియవు. ఇరవై యేండ్లు ఒకే యింట్లో ఉన్నారు.

దసరా సెలవులలో వాడు ఇంటికి వచ్చాడు. ఇరువది ముఖముల పాచిక బదులు చింతగింజలు, ఒక ప్రక్క అరగదీసినవి, అష్టాచెమ్మాకు వేసినట్లు. తండ్రి వాటిని కూడా మొదట ఇష్టపడలేదు, ఇప్పుడు వసారాలో మంచము మీద అటు తిరిగి పడుకొంటాడట. నిద్రపోయినాడనుకుంటే, ఒకనాడు చీకటిలో నుండి, “ఆ బావికి మెట్లు లేవు. ఉత్తరం దిక్కు గిలక ఉండేది,” అన్నాడట.

పోయిన శనివారము రాత్రి తొమ్మిదిన్నరకు మాకు ఫోను వచ్చింది. ఆ వేళకు ఫోను మ్రోగితే మేము భయపడుతాము. తల్లి.

“అమ్మగారూ, నిద్రపోతా ఉండారా? ఏం లేదు. మావోడు పాతాళగంగ దాటినాడు. లాంతరులో కిరసనాయిలు అయిపోయిందని చెప్పినాను. ఇప్పుడు వాడు, ఉపదేశిగారి సంచిలో ఇంకేముండేది అని అడుగుతాండాడు. మీకేమన్నా తెలుసునా, ఆ కాలంలో సంచిలో ఏమేం పెట్టుకొని పోయేటోళ్లు?”

బైబిలు, పాటల పుస్తకము, నామకరణముల రిజిస్టరు, ఒక కంబళి, జొన్నరొట్టె అని చెప్పాము. అగ్గిపెట్టె సంగతి మాకు తోచలేదు. ఆమెయే అడిగింది. ఉండవచ్చును అన్నాము. “అయితే అది తడిసింది,” అని ఫోను పెట్టేసింది.